మా ఎలిమెంటరీ మూసేస్తారట. మరి ఇంత ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కడికి పోతోంది?

ఇద్దరమ్మాయిల అమ్మ | మంగళవారం రాత్రి 9:40

నిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ (మా ఏరియా స్కూళ్లన్నీ నడిపేది) నుంచి మెయిల్ వచ్చింది. మా పెద్దది చదివిన, చిన్నది ఇప్పుడు మూడో గ్రేడ్ చదువుతున్న ఎలిమెంటరీని "కన్సాలిడేషన్" జాబితాలో పెట్టారట. మెత్తగా చెప్పారు గానీ మూసేస్తారనే అర్థం. డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. డిస్ట్రిక్ట్ పేరు రాయను, చుట్టుపక్కల వాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది.

ఇల్లు కొన్నప్పటి అప్రైజల్‌కీ (ట్యాక్స్ కోసం కట్టే ఇంటి విలువ) ఇప్పటి అప్రైజల్‌కీ తేడా చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. బిల్లులో అన్నిటికంటే పెద్ద పద్దు స్కూల్‌దే. మా స్కూల్‌కి రాష్ట్రం ఇచ్చింది "ఏ" రేటింగ్. అయినా డబ్బుల్లేవంటున్నారు. మరి ఆ కొత్త స్టేడియం దేంతో కట్టారు? తెలిసినవాళ్లు కాస్త తిట్టకుండా చెప్పండి.

లోన్‌స్టార్ రాజు | 9:58

స్టేడియం ప్రశ్న ప్రతి థ్రెడ్‌లోనూ వస్తుందక్కా 😄 రెండూ వేరే జేబులు. బిల్లులో స్కూల్ రేటు పక్కన చూడండి, రెండు ముక్కలుంటాయి. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, బస్సుల డీజిల్, అంటే రోజూ నడిపే ఖర్చు. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ల మీద తెచ్చిన అప్పు తీర్చేది. బాండ్ డబ్బుతో భవనాలు, బస్సులు, కంప్యూటర్లు కొనొచ్చు. టీచర్‌కి జీతం మాత్రం ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు.

అందుకే పక్కన వంద కోట్ల బిల్డింగ్ లేస్తున్నా ఇక్కడ మ్యూజిక్ టీచర్ పోస్టు ఎగిరిపోతుంది.

హైటెక్ సిటీ టు హైవే 121 | 10:05

మా ఊళ్లో కూడా గంతే గదా. గుడికి గోపురం కడతరు, పూజారికి జీతం ఉండదు.

ట్యాక్స్ బాబాయ్ | 10:47

అమ్మా, 1998లో వచ్చాను టెక్సస్‌కి. లెక్కల పనే నాది. ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకునే విషయం కాబట్టి కొంచెం పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీ ఇంటి విలువ పెరిగితే మీ స్కూల్‌కి డబ్బు పెరుగుతుందని అనుకుంటున్నారు. పెరగదు. దాదాపు ఏమీ పెరగదు.

ఒక ఊరికి ఎన్ని బిందెల నీళ్లు కావాలో రాష్ట్రం ముందే తేల్చేస్తుంది అనుకోండి. మీకు వంద బిందెలు. ముందు మీ బావిలోవి తోడుకోండి, తక్కువపడినవి ట్యాంకరు పంపిస్తాం అంటుంది. మీ బావిలో నీళ్లు పెరిగాయి, మంచిదే, ట్యాంకరు తగ్గిస్తుంది. నూట ఒకటో బిందె మాత్రం ఇవ్వదు. బావి పొంగి వందకు మించితే ఆ మించినవి పట్టుకుపోతుంది. పట్టుకుపోవడాన్నే రీక్యాప్చర్ అంటారు, జనం నోట్లో రాబిన్ హుడ్. 1993లో మొదలైంది. అంతకుముందు పేద డిస్ట్రిక్టులు కోర్టుకెళ్లాయి. ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ కేసులో 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు పాత పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం అంది. దాని ఫలితమే ఇది. కాబట్టి రాబిన్ హుడ్‌ని తిట్టేముందు ఎడ్జ్‌వుడ్ వైపు పిల్లల్ని కూడా ఒకసారి తలుచుకోవాలి.

ఆ "వంద బిందెలు" ఎలా తేలుస్తారంటారా? బేసిక్ అలాట్‌మెంట్ అని పిల్లాడికింత. 2019లో 6,160 డాలర్లు పెట్టారు. కోవిడ్ వచ్చింది, ధరలు పెరిగాయి, గుడ్లు పెరిగాయి, ఇన్సూరెన్సులు పెరిగాయి. ఆ అంకె ఆరేళ్లు కదల్లేదు. 2025లో హౌస్ బిల్ 2 తెచ్చి 55 డాలర్లు పెంచారు. విస్తట్లో ఊరగాయ వేసినట్టు.

(న్యాయంగా చెప్పాలంటే ఆ బిల్లు మొత్తం సుమారు 8.5 బిలియన్లు. అందులో పెద్ద వాటా టీచర్ల జీతాలకని ముడివేసి ఇచ్చారు. 5,000 మందికి పైగా పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్న టీచర్‌కి 2,500, ఐదేళ్లు దాటితే 5,000. చిన్న డిస్ట్రిక్టుల్లో ఇంకా ఎక్కువ. టీచర్లకి మంచిదే. కరెంటు బిల్లుకి పనికిరాదు.)

రేటులో కొన్ని పెన్నీలకు వేరే లెక్క ఉంది, దాని జోలికి ఇప్పుడు వెళ్లను, నిద్ర పడుతుంది.

ఇద్దరమ్మాయిల అమ్మ | 11:02

బాబాయ్ గారూ, బిందెల లెక్కతో అర్థమైంది. అంటే నేను ఎక్కువ కట్టిందల్లా ఆస్టిన్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి మిగిలినట్టా?

ట్యాక్స్ బాబాయ్ | 11:10

ముప్పాతిక నిజం. కొంత మీకే వెనక్కి వచ్చింది కూడా. విలువలు పెరిగేకొద్దీ రాష్ట్రం ఎం అండ్ ఓ రేటును కిందికి నొక్కుతోంది. సొంతింట్లో ఉండేవాళ్లకి ఇంటి విలువలోంచి తీసేసే హోమ్‌స్టెడ్ మినహాయింపు 2023లో లక్ష డాలర్లయింది, 2025 నవంబరు ఓటుతో 1,40,000. మీ బిల్లులో ఆ ఊరట కనపడాలి. మీరు హోమ్‌స్టెడ్‌కి అప్లై చేశారు కదా? మనవాళ్లు ఇల్లు కొని గృహప్రవేశం వీడియో తీస్తారు, ఆ ఫారం మాత్రం మర్చిపోతారు.

ఇద్దరమ్మాయిల అమ్మ | 11:12

…రేపు చూస్తాను 🙈

సబ్ టీచరమ్మ | బుధవారం ఉదయం 6:15

నేను మూడేళ్లుగా సబ్‌స్టిట్యూట్‌గా, అంటే టీచర్ రాని రోజు బదులుగా, వెళ్తున్నాను. బాబాయ్ గారు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. ఆ 6 వేల చిల్లర పేరు రాయించుకున్న ప్రతి పిల్లాడికీ రాదు. బడికి వచ్చిన పిల్లాడికి వస్తుంది. యావరేజ్ డైలీ అటెండెన్స్. చాలా రాష్ట్రాల్లో చేరికల లెక్క, ఇక్కడ హాజరు లెక్క. పిల్లాడు ఇంట్లో పడుకున్నా టీచర్ జీతం అంతే, ఏసీ అంతే, బస్సు డీజిల్ అంతే. డబ్బు మాత్రం తగ్గుతుంది.

ఇప్పుడు చెప్తే కోపాలొస్తాయి. డిసెంబరు రెండో వారంలో మనవాళ్లు ఎక్కువ ఉండే స్కూళ్లకి వెళ్లి చూడండి. పోయినేడాది జనవరిలో సెలవులయ్యాక మొదటి సోమవారం ఒక సెకండ్ గ్రేడ్‌లో ఉన్నాను. ఇరవై రెండు కుర్చీలు, తొమ్మిది ఖాళీ. ఎక్కడున్నార్రా అంటే "నానమ్మ ఇంట్లో" అని కోరస్.

హైటెక్ సిటీ టు హైవే 121 | 7:30

అంటే ఇప్పుడు స్కూల్ మూతపడ్డదానికి సంక్రాంతే కారణమా? మంచిగుంది. టికెట్లు డిసెంబరు 20 తర్వాత ఎంతున్నయో చూసిన్రా? నలుగురికి టికెట్లు కొంటే ఇంకో కారు వస్తది. అమ్మానాయిన ముసలోళ్లయిన్రు. ఏడాదికొక్కసారి మనవళ్లను చూస్తరు. దాన్ని కూడా ఎక్సెల్ షీట్ల పెడతరా?

సబ్ టీచరమ్మ | 7:41

అన్నా, మానమనడం లేదు. నేనూ వెళ్తాను. లెక్క ఉందని చెప్తున్నానంతే.

ట్యాక్స్ బాబాయ్ | 8:20

అంకె వేద్దాం, గొడవ తగ్గుతుంది. 6,160కి 55 కలిపితే 6,215. దాన్ని సుమారు 175 బడి రోజులతో భాగిస్తే రోజుకు 35 డాలర్ల చిల్లర. పది రోజులు ఎగ్గొడితే పిల్లాడికి 355. ఒక క్యాంపస్‌లో వంద మంది అలా చేస్తే 35,500. ఒక టీచర్ జీతంలో సగం దాటుతుంది. స్కూల్ మూతపడటానికి అది కారణం కాదు తమ్ముడూ, కానీ ఊరికే పోయే సొమ్మూ కాదు.

సబ్ టీచరమ్మ | 8:34

తెలిసుంటే మంచిదని ఇంకో మూడు ముక్కలు. మన గ్రూపుల్లో ఎవరూ చెప్పరు.

హాజరు రోజుకొకసారి, డిస్ట్రిక్ట్ పెట్టుకున్న ఒక సమయానికి పడుతుంది. ఆఫీసులో అడిగితే ఎన్నింటికో చెప్తారు. డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఆ టైముకే పడిందనుకోండి, అదే రోజు పిల్లని వెనక్కి తీసుకొచ్చి డాక్టర్ నోటు ఇస్తే హాజరైనట్టే లెక్క.

దీపావళికి మానేస్తే ముందుగా రాసివ్వండి. మతపరమైన పండుగకి వెళ్లిన రోజు చట్టప్రకారం ఎక్స్‌క్యూజ్డ్, స్కూల్‌కి డబ్బు కూడా పోదు. మనవాళ్లు "సిక్" అని పెడతారు! నిజం చెప్తే లాభం, అబద్ధం చెప్తే నష్టం ఉన్న చోటు ఇదొక్కటేనేమో.

పిల్లల పౌరసత్వం కాగితాల పనికి ప్రభుత్వాఫీసుకు వెళ్లినా, ప్రమాణానికి వెళ్లినా అదే వర్తిస్తుంది. క్లాసులకు 90 శాతం హాజరు రూలు మర్చిపోకండి, క్రెడిట్ దాని మీదే ఉంటుంది.

గుంటూరు ఘాటు | 12:15

దీపావళికి "ఫీవర్" అని మెయిల్ పెట్టి, ఆ సాయంత్రమే కాకరపువ్వొత్తుల ఫొటోలు పెట్టి, టీచర్ లైక్ కొట్టిన బాధితుడిని నేను.

ఫ్రంట్ యార్డ్ సైన్ | 12:50

రియల్టర్‌గా చెప్తున్నా. ఇవన్నీ పక్కన పెట్టండి. కొనేవాళ్లు అడిగేది ఒక్కటే: రేటింగ్ ఎంత? "ఏ" ఉన్న స్కూల్‌ని మూస్తే ఆ వీధిలో ఇళ్ల రేట్లు పడతాయి. స్కూల్ బోర్డుకి ఈ భాష అర్థమవుతుంది. పది మంది కలిసి వెళ్లి అదే చెప్పండి.

సబ్ టీచరమ్మ | 1:22

రేటింగ్ పిల్లల మార్కుల గురించి. మూత సీట్ల గురించి. రెండిటికీ చుట్టరికం లేదు. 700 మందికి కట్టిన బిల్డింగ్‌లో 380 మంది ఉంటే, ఆ 380 మందీ సరస్వతీ పుత్రులైనా ప్రిన్సిపల్ ఒకరే, నర్స్ ఒకరే, ఏసీ ఒకటే. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు, మీ స్కూల్‌వి కావు.

ఇక ఆ "ఏ" కథ. మూడు విభాగాలు చూస్తారు. పిల్లలు ఎంత సాధించారు, ఎంత ఎదిగారు, వెనకబడిన గుంపుల తేడా ఎంత తగ్గింది. మొదటి రెండింట్లో ఏది మెరుగైతే అది 70 శాతం, మూడోది 30. ఎలిమెంటరీల్లో ఇది దాదాపు అంతా రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష మీదే. స్టార్‌లో పాస్ అంటే "అప్రోచెస్". అంటే గడప దాకా వచ్చాడని, లోపలికొచ్చాడని కాదు. గ్రేడ్ స్థాయిలో ఉన్నాడా అంటే "మీట్స్" చూడాలి. ఇళ్ల వెబ్‌సైట్లో నక్షత్రాలు చూసి ఊరుకోకుండా రాష్ట్ర విద్యాశాఖ, అదే టీఈఏ, ఏటా ఇచ్చే ట్యాపర్ రిపోర్ట్ తెరవండి. అందులో క్యాంపస్‌కో పుస్తకం ఉంటుంది. టీచర్ల సగటు అనుభవం కూడా ఉంటుంది. నేనైతే ముందు అదే చూస్తాను.

కంచి కథ | 1:40

పైగా ఆ రేటింగులు రెండేళ్లు కోర్టులో చిక్కుకున్నాయి. హైస్కూల్ కాలేజ్ రెడీనెస్‌లో "ఏ"కి 60 ఉండే గీతను ఒకేసారి 88కి పెంచారు. డిస్ట్రిక్టులు కేసులు వేశాయి. 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి, 2024, 2025వి రెండూ కలిపి 2025 ఆగస్టులో. ఐదో గ్రేడ్ పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు ఏడో గ్రేడ్‌లో ఇచ్చినట్టు. ఇప్పుడు స్టార్‌నే తీసేసి 2027-28 నుంచి ఏడాదికి మూడు చిన్న పరీక్షలంటున్నారు. మళ్లీ కొత్త లెక్క, మళ్లీ కొత్త గొడవ.

లోన్‌స్టార్ రాజు | 2:05

రేటింగ్ ఊరికే అలంకారం కాదు భయ్యా. ఒక్క క్యాంపస్ ఐదేళ్లు వరసగా ఫెయిలైతే రాష్ట్ర విద్యా కమిషనర్ ఆ క్యాంపస్ మూయాలి, లేదా మొత్తం డిస్ట్రిక్ట్ బోర్డుని పక్కన పెట్టాలి. 2015 చట్టం. హ్యూస్టన్ అలాగే పోయింది. వీట్లీ హైస్కూల్ దగ్గర మొదలై 2023 జూన్‌లో గెలిచిన బోర్డు స్థానంలో రాష్ట్రం పెట్టిన మేనేజర్లు కూర్చున్నారు. 2025 అక్టోబరులో ఫోర్ట్ వర్త్‌కీ అదే ప్రకటించారు. జనం వేసిన ఓట్లు ఒక్క సంతకంతో పక్కకి పోయాయి.

హైటెక్ సిటీ టు హైవే 121 | 2:30

మన దగ్గర పంచాయతీకి స్పెషల్ ఆఫీసర్‌ను పెట్టినట్టు అన్నమాట.

లోన్‌స్టార్ రాజు | 2:33

సరిగ్గా అదే.

ఇద్దరమ్మాయిల అమ్మ | సాయంత్రం 5:50

అన్నీ చదివాను. ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి మరీ చదివాను. మా ఏరియా ఖాళీ అవుతోందన్నది నిజమే. మా వీధిలో మేం వచ్చినప్పుడు చిన్నపిల్లలున్న ఇళ్లు ఏడు. ఆ పిల్లలంతా ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు, తల్లిదండ్రులు అవే ఇళ్లలో ఉన్నారు. కొత్త జంటలు ఈ రేట్లకి ఇక్కడ కొనలేక సెలీనా, ప్రాస్పర్ ఊళ్ల వైపు పోతున్నారు.

ట్యాక్స్ బాబాయ్ | 6:15

అసలు కారణం అదే తల్లీ. ప్లానోలో 2024లో నాలుగు స్కూళ్లు మూయాలని తేల్చారు. ఫ్రిస్కోలో అదే ఏడాది డిసెంబరులో స్టేలీ మిడిల్ స్కూల్ మూయాలని ఓటేశారు. ఒకప్పుడు ఏటా కొత్త స్కూల్ రిబ్బన్ కత్తిరించిన ఊళ్లవి! పిల్లలు పుట్టడం తగ్గింది, ఇళ్లు ముసలివయ్యాయి. అటు సెలీనాలో చోటు చాలక పోర్టబుల్ గదులు, ఇటు ఖాళీ గదులు. పిల్లలు కదిలినట్టు గోడలు కదలవు.

గుంటూరు ఘాటు | 6:40

మరి మూయకుండా ఇంకో పెన్నీ ట్యాక్స్ పెంచుకుంటే పోయేదిగా? నేనిస్తా.

కంచి కథ | 6:58

మీరిస్తారు. ఊరు ఇవ్వదు. ఎం అండ్ ఓ రేటు ఒక హద్దు దాటితే జనాన్ని అడగాలి, దాన్ని వ్యాట్రీ అంటారు. 2024 నవంబరులో ఫ్రిస్కో అడిగింది. వ్యాట్రీ ఓడింది, బాండ్లూ ఓడాయి. స్కూల్ బాండు ఏదైనా సరే, బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని పెద్దక్షరాల్లో రాయాలని 2019 నుంచి రూలు. రేటు పెరక్కపోయినా రాయాల్సిందే. ఆ వాక్యం చదివి "అవును" అని టిక్ పెట్టే మనిషిని చూపించండి.

ఇద్దరమ్మాయిల అమ్మ | 7:20

అసలు బాధ చెప్పనా? నాకా టిక్ పెట్టే హక్కే లేదు. పదమూడేళ్లుగా ఇక్కడున్నాం. ఇంకా హెచ్‌1బీనే. ట్యాక్స్ కట్టొచ్చు, కార్నివాల్‌లో పాప్‌కార్న్ అమ్మొచ్చు, ఓటు వేయకూడదు. బోర్డులో ఏడుగురు కూర్చుని నా పిల్ల స్కూల్ గురించి తేలుస్తారు, నేను వాళ్లలో ఒక్కరిని కూడా ఎన్నుకోలేదు. రేపు గ్రీన్ కార్డ్ వచ్చినా అంతే కదా.

హైటెక్ సిటీ టు హైవే 121 | 7:45

అక్కా, నువ్వు చెప్పింది నూటికి నూరు నిజం. కానీ ఓటున్న మనోళ్ల సంగతి జూడు. ప్రెసిడెంట్ ఎలక్షన్ రోజు స్టిక్కర్ పెట్టుకుని సెల్ఫీ. మే నెల్ల స్కూల్ బోర్డు ఎలక్షన్ ఉన్నదంటే, అవునా, ఎప్పుడు? నేను గూడ అంతే, పోయిన మేల పోలే. నిజం చెప్తున్న. రెండు మైళ్ల దూరం.

ట్యాక్స్ బాబాయ్ | 8:30

ఓటు లేకపోతే నోరు లేనట్టు కాదు. అజెండాలో ఉన్న అంశం మీద, బోర్డు దాన్ని తేల్చేముందే, ఎవరైనా మాట్లాడొచ్చు. 2019 చట్టం. మీ వీసా ఎవరూ అడగరు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, మైకు ముందు కొన్ని నిమిషాలే ఇస్తారు.

ఒకటి గుర్తుంచుకోండి. బోర్డు వాళ్లకి జీతం లేదు. పగలు వేరే ఉద్యోగం. టీచర్లని పెట్టడం మామూలుగా వాళ్లు చూసే పని కాదు. సూపరింటెండెంట్‌ని పెడతారు, బడ్జెట్ ఆమోదిస్తారు, రేటు నిర్ణయిస్తారు. కాబట్టి "మా పాప ఏడుస్తోంది" అంటే జాలిపడి తలూపుతారు. వాళ్ల చేతిలో ఉన్నదాని గురించి అడిగితే రాసుకుంటారు. "మూయొద్దు" అని వంద మంది అంటారు. మీరు మాత్రం "మూశాక ఏమిటి" అని అడగండి.

స్కూల్ హెల్త్ అడ్వైజరీ కౌన్సిల్ లాంటివాటిలో చేరండి, అందులో తల్లిదండ్రులే ఎక్కువుండాలని రూలు. ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కో గీసే బౌండరీ కమిటీ వేస్తే పేరివ్వండి.

ఫ్రంట్ యార్డ్ సైన్ | 8:44

ప్రైవేట్ స్కూల్ ఫీజుకి రాష్ట్రమిచ్చే వోచర్లు వస్తున్నాయిగా, ప్రైవేట్‌కి మార్చేయండి. సెనేట్ బిల్ 2, బిలియన్ డాలర్లు, 2026-27 నుంచి.

సబ్ టీచరమ్మ | 8:51

పిల్లాడికి పదివేల చిల్లర. ఈ చుట్టుపక్కల మంచి ప్రైవేట్ ఫీజు ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ టాపిక్‌కి వేరే థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ కొట్టుకుందాం.

కంచి కథ | 9:10

ఒక్క మాట, అడగలేదు గానీ. "మంచి స్కూల్" కోసం అందరం ఒకే పది హైస్కూళ్ల మీద పడుతున్నాం కదా. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతానికే. స్కూల్ ర్యాంకులో టాప్ 5, ఊరిలో కాదు. అలాంటి హైస్కూల్లో 98 తెచ్చుకున్న మా వాడు 14వ శాతంలో ఉన్నాడు. పది మైళ్లు అవతల ఉంటే లోపలుండేవాడు. మా ఆవిడ ఇంకా దీన్ని ఎత్తిపొడుస్తుంది. సరే, మీ పిల్ల మూడో గ్రేడ్, హాయిగా ఉండండి.

ఇద్దరమ్మాయిల అమ్మ | రెండు వారాల తర్వాత, గురువారం రాత్రి 11:35

బోర్డు మీటింగ్‌కి వెళ్లొచ్చాను. మా ఆయన పిల్లల్ని చూసుకున్నారు, నేనూ మా వీధి చివరి కొరియన్ ఆవిడా కలిసి వెళ్లాం. పేర్లు నలభై పైనే. నాది 31. గంటన్నర కూర్చున్నాక పిలిచారు. చేతిలో కాగితం వణికింది, మాట వణకలేదు.

నా ముందు మాట్లాడినవాళ్లంతా మూయొద్దన్నారు. ఒకాయన స్టేడియం గురించి అరిచాడు, నాకు రాజు గారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను రెండే అడిగాను. కొత్త స్కూల్‌కి నడిచే దారిలో ఆరు లేన్ల రోడ్డు ఉంది, రెండు మైళ్ల లోపే కాబట్టి బస్సు రాదన్నారు, మరి దాటేదెలా? మా స్కూల్లో ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లలతో పనిచేసే ఇద్దరు టీచర్లు పిల్లలతో పాటు వస్తారా, విడిపోతారా?

స్కూల్ మూత ఆగదు. ఓటింగ్ వచ్చే నెల గానీ, వాళ్ల ముఖాల్లోనే తెలిసిపోయింది. కానీ బోర్డులో ఒక ట్రస్టీ ఆ రోడ్డు పేరు రెండుసార్లు అడిగి రాసుకుంది. ఈ రోజు ట్రాన్స్‌పోర్టేషన్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, ప్రమాదకరమైన దారి కింద పరిశీలిస్తారట. బస్సు రావచ్చు. టీచర్ల గురించి జవాబు రాలేదు. మళ్లీ అడుగుతా.

బాబాయ్ గారూ, హోమ్‌స్టెడ్ ఫారం పెట్టనేలేదు మేము. ఇన్నేళ్లు!

ట్యాక్స్ బాబాయ్ | 11:48

వెనకటికి రెండేళ్ల దాకా పెట్టుకోవచ్చు. ఇప్పుడే పెట్టండి, పడుకోకండి.

హైటెక్ సిటీ టు హైవే 121 | 11:55

అక్కా శభాష్. ఈ మేల నేను పోతున్న, క్యాలెండర్ల పెట్టుకున్న. స్క్రీన్‌షాట్ కావాల్నా?

సబ్ టీచరమ్మ | శుక్రవారం ఉదయం 6:05

కొత్త స్కూల్ బెల్ ఎన్నింటికి?

ఇద్దరమ్మాయిల అమ్మ | 6:20

7:40కి. ఇప్పటికంటే ముప్పావుగంట ముందు. మా చిన్నదాన్ని లేపేదెవరన్న ఓటింగ్ మా ఇంట్లో ఇంకా జరగలేదు.